ఆ తోట మట్ట మాది

నా చీరలకి ఇప్పుడు పొగ వాసన రావడం లేదు. ఈ మాట సంతోషంగా రాద్దామనే కూర్చున్నాను. రాసి చూసుకుంటే సంతోషంగా లేదు.

చిన్నప్పుడు బళ్ళో నా పక్కన కూర్చున్న పిల్ల ముక్కు చిట్లించేది. "మీ ఇంట్లో ఏం కాలుస్తారే?" అని అడిగేది. ఏం కాలుస్తాం, కొబ్బరి మట్టలు. రాజోలు దగ్గర మా పేటలో ఏ ఇంటి పొయ్యిలోనైనా అవే. అంటించడానికి ఎండాకు, మంటకి మట్ట, నిప్పు నిలవడానికి కాయ ఒలిచిన డొక్క. టీచరు ఉద్యోగం వచ్చిన మొదటి నెలలో నేను చేసిన ఘనకార్యం, రెండు చీరలు తీసుకెళ్ళి స్కూలు బీరువాలో దాచుకోవడం. పొద్దున్నే అందరికంటే ముందు వెళ్ళి అక్కడ మార్చుకునేదాన్ని. వాసనకి ఇంత సిగ్గుపడ్డదాన్ని, ఆ పొగ రోజూ ఎవరి గుండెల్లోకి పోతోందో చాలా ఏళ్ళు ఆలోచించలేదు.

నాన్న పోయాక ఇంట్లో నేనూ అమ్మే. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు అడిగి అడిగి మానేశారు. ఇల్లు స్లాబు ఇల్లు. లోపల ఫ్రిజ్జు, మిక్సీ, గ్యాసు పొయ్యి, దాని పక్కన కరెంటు పొయ్యి, అన్నీ ఉన్నాయి. నా చిన్నతనంలో ఒక్క బల్బు వెలిగితే వీధిలో వాళ్ళంతా వచ్చి చూసిన ఇల్లే ఇది. ఇన్ని వచ్చినా పెరట్లో కొబ్బరాకు పాక మాత్రం అలాగే ఉంది. అందులో అమ్మ పొయ్యి. సిలిండరుకి అమ్మ తన చేత్తో లేసు అల్లి తొడుగు వేసింది. చుట్టాలొచ్చినప్పుడు ఆ తొడుగు తీసి టీ కాచేది, వాళ్ళు వెళ్ళగానే మళ్ళీ తొడిగేది. మిగిలిన వంటంతా పాకలోనే. నేనేమైనా వద్దన్నానా అంటే, లేదు. ఆ పొయ్యి మీద కాగిన వేణ్ణీళ్ళతోనే స్నానం చేసేదాన్ని, మట్టి దాకలో ఉడికిన చింతకాయ వేసిన మెత్తళ్ళ చేపల కూరే లొట్టలేసుకుని తినేదాన్ని. చీర మాత్రం బళ్ళో మార్చుకునేదాన్ని.

ఒక ఏడు ఇంటింటి సర్వే డ్యూటీ మా టీచర్లకి వేశారు. ముందు రోజు ట్రైనింగు. మండలాఫీసు హాల్లో తెర కట్టి ఒక వీడియో చూపించారు. ఆఫ్రికాలో ఏదో పల్లెటూరు. ఊళ్ళోకి స్తంభాలు వచ్చాయి, తీగలు వచ్చాయి, మట్టిగోడల ఇంట్లో బల్బు వెలుగుతోంది, గోడకి ఫోను ఛార్జింగు పెట్టి ఉంది. సరిగ్గా ఆ బల్బు కిందే ఒకావిడ మూడు రాళ్ళ మధ్య పుల్లలు పెట్టి ఊదుతోంది. కరెంటు వచ్చినంత మాత్రాన పొయ్యి మారదు, అందుకే వంటకేం వాడతారన్నది విడిగా అడగాలి, అని చెప్పారు ట్రైనింగు ఇచ్చినాయన. హాలంతా "అయ్యో పాపం" అంది. "ఈ రోజుల్లో కూడానా!" అన్నారెవరో వెనక నుంచి. నేనూ పాపం అన్నాను. అన్నాక ఆవిడ మెడ చూశాను. పొగ కళ్ళలోకి పోకుండా తల ఓ పక్కకి తిప్పి, ఒక కన్ను మూసి ఊదుతోంది. అదే రోజు పొద్దున్న ఆ మెడని మా పెరట్లో చూసి వచ్చాను.

మర్నాడు మా వీధితోనే సర్వే మొదలుపెట్టాను. వంటకు ప్రధానంగా వాడేది ఏమిటి అన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఒక్కో ఇంట్లో ఆడవాళ్ళు చీరకొంగు సర్దుకుని "గ్యాసేనండి" అన్నారు. వెనక పెరట్లో పొగ లేస్తూనే ఉంది. ఎవరి సిలిండరు మీద ఏ రంగు తొడుగుందో కూడా నాకు తెలుసు. మా ఇంటి వంతు వచ్చింది.

"ఏం రాయమంటావే?" అన్నాను అమ్మతో.

"గ్యాసనే రాయి. కట్టెల పొయ్యని రాస్తే ఆఫీసులో నలుగురూ చూస్తారు. టీచరు గారింట్లో ఇంకా పొయ్యి ఊదుతున్నారంటారు."

రాశాను. ఒక్క మా ఇంటికే కాదు, వీధి మొత్తానికీ గ్యాసనే రాశాను. చేతి రాత చాలా బాగుందని పైవాళ్ళు మెచ్చుకున్నారు కూడా.

అప్పటికే అమ్మకి ఆయాసం. మొదట మెట్లెక్కితే వచ్చేది, తర్వాత నడిస్తే, తర్వాత మాట్లాడితే. దగ్గు ఎప్పటినుంచో ఉంది. పొడిగా, వరసగా మూడుసార్లు, ఆ తర్వాత గొంతు సవరించుకోవడం. వీధి చివర ఉన్నా ఆ దగ్గు విని అమ్మ ఎక్కడుందో చెప్పగలిగేదాన్ని. చివరికి బలవంతంగా అమలాపురం డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఎక్స్‌రే వెలుగులో పెట్టి చూసి, "మామ్మగారూ, మీకు చుట్ట అలవాటుందాండి?" అని అడిగారు. మా వైపు చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మలు ఇంకా ఉన్నారు, ఆయన తప్పేం లేదు.

అమ్మకి కోపం వచ్చింది. "అలాటివేం లేవండి మా ఇంటావంటా. మాది ప్రార్థన చేసుకునే ఇల్లండి."

"అయితే పొయ్యి పొగండి ఇది. పొయ్యి ఇంక మానెయ్యాలి. మానకపోతే నేను ఎన్ని మందులిచ్చినా లాభం లేదు. పోయిన ఊపిరి ఎలాగూ రాదు, ఉన్నదైనా నిలబెట్టుకోవాలి కదండి."

"ఆయ్, సరేనండి," అంది అమ్మ.

బస్సులో మళ్ళీ నేను చెప్పాను. "సరేలే," అంది. ఇంటికొచ్చాక చెప్పాను. "సరేనన్నాను కదే," అంది. ఆ వారం నా ఎదురుగానే కరెంటు పొయ్యి మీద అన్నం వండింది, వేణ్ణీళ్ళు హీటరుతో పెట్టుకుంది. నేను గెలిచాననుకున్నాను.

ఎండాకాలం ఒంటిపూట బళ్ళు మొదలయ్యాయి. అమ్మ ఆ సంగతి మరిచిపోయినట్టుంది. మొదటి రోజు మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి పాకలోంచి పొగ. లోపల అమ్మ పీట మీద కూర్చుని ఊదుతోంది. పొయ్యి మీద పెద్ద కాగు, నిండా నీళ్ళు, తెర్లుతున్నాయి.

"ఎవరి స్నానానికి?" అన్నాను.

అమ్మ మట్టని ఇంకాస్త లోపలికి తోసింది.

"అన్నం వండేవా?"

"లోపల వండేనే, కరెంటు దాని మీద."

"మరి ఈ నీళ్ళెందుకు?"

అమ్మ దగ్గింది. దగ్గు ఆగాక లేచి, కాగు దించి పక్కన పెట్టింది. చల్లారాక ఆ నీళ్ళు తీసుకెళ్ళి అరటి మొక్కల్లో పోసింది. రోజూ అదే పని చేస్తోందని తర్వాత చెప్పింది. నేను బడికెళ్ళగానే పొయ్యి వెలిగించడం, ఎవరికీ అక్కర్లేని నీళ్ళు కాచడం, చల్లార్చి పారబోయడం. ఊపిరి ఆడని మనిషి చేసే పనేనా అది? పిచ్చెక్కిందేమో అనుకున్నాను. అరిచాను. అమ్మని ఎప్పుడూ అననన్ని మాటలన్నాను. అప్పుడు చెప్పింది.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. మా వైపు కొబ్బరితోటలో కాయ రైతుది. రాలిన మట్ట మాత్రం తోట ఊడ్చే ఆడమనిషిది. ఊడ్చినందుకు కూలి ఉండదు, మట్టే కూలి. ఏ తోట మట్ట ఏ ఇంటిదో పేటలో అందరికీ తెలుసు. కాగితం లేదు, సాక్షి లేదు. అత్త చేతిలోంచి పెద్దకోడలి చేతికి వస్తుంది. కాలవ అవతల తోట మట్ట మా నాయనమ్మది, ఆమె తర్వాత అమ్మది. ఆ ఇల్లాలికి మట్ట అక్కర్లేదని తెలిసిన రోజున రైతు ఇంకొకరికి ఇచ్చేస్తాడు.

"కాల్చకపోతే మట్ట పోగవుద్దే," అంది అమ్మ. "పోగు దారిన పోయేవాళ్ళకి కనపడుద్ది. వీళ్ళకెందుకండి ఇంత మట్ట, మాకిప్పించండి బాబుగారూ అని ఎవరో ఒకళ్ళు అడుగుతారు. అడిగితే ఇచ్చేస్తారాయన."

"ఇవ్వనీ. లేకపోతే నువ్వే ఎవరికైనా పంచిపెట్టు."

"పంచితే నాకక్కర్లేదని నేనే ఒప్పుకున్నట్టు కాదా?"

"అక్కర్లేదు కదే మరి!"

అమ్మ నా వైపు చూసింది. "మీ నాన్నవైపు నుంచి మనకి భూమి వచ్చిందా, పుట్ర వచ్చిందా? వచ్చింది అదొక్కటే. ఆ తోట మట్ట మాది అని చెప్పుకున్నాను ఇన్నేళ్ళూ. ఏ చెట్టు ఎప్పుడు మట్ట రాలుస్తాదో నాకు తెలుసు, ఆయనకి తెలీదు."

తెర మీద చూసిన ఆవిడ గుర్తొచ్చింది. హాలంతా పాపమన్నాం గానీ, ఆ మూడు రాళ్ళ వెనక ఆవిడకి ఏ తోట ఉందో, పొయ్యి ఆరిపోతే ఏం చేజారుతుందని భయమో, మాకు ఎవరు చెప్పారు? చెప్పినా అర్థమయ్యేదా? అమ్మ మాట విన్నాక కూడా నేను చేసిన పని చూస్తే, అర్థమయ్యేది కాదనే అనుకోవాలి.

ఆదివారం ఆరాధన అయ్యాక నేను ఇంటికి రాకుండా నేరుగా రైతుగారింటికి వెళ్ళాను. అమ్మతో చెప్పలేదు. ఆయన వరండాలో ఉన్నారు. నన్ను చూడగానే లేచి, "రండి రండి మేడంగారూ, కూర్చోండి," అని కుర్చీ జరిపారు. అదే వరండా ముందు అమ్మ నలభై ఏళ్ళు నిలబడింది. ఆమెకి ఎవరూ కుర్చీ జరపలేదు. నాకు ఒళ్ళు మండింది. మండినా కూర్చున్నాను. కుర్చీలో కూర్చున్నాను కాబట్టే ఆ మాట అంత తేలిగ్గా చెప్పగలిగానేమో.

"మా అమ్మ ఇంక తోటకి రాదండి. ఒంట్లో బాగుండటం లేదు. మట్ట ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి."

"అయ్యో, అలాగాండి. పెద్దావిడ చాలా శుభ్రంగా ఉంచేదండి తోట. మరి ఎవరికిమ్మంటారు?"

మీ ఇష్టమండి అని లేచి వచ్చేసినా సరిపోయేది. నాకు తెలివి ఎక్కువ కదా, ఆలోచించాను. బయటివాళ్ళకి పోతే అమ్మ మనసు విరిగిపోతుంది, ఇంట్లోనే ఉంటే కాస్త నయం అనుకున్నాను.

"మా పిన్నికివ్వండి," అన్నాను.

పిన్నంటే మా బాబాయి భార్య. బాబాయి పోయాక ఎదురింట్లో ఒక్కతే ఉంటుంది. చిన్నకోడలు కాబట్టి మట్ట ఆమెకి రాలేదు. కాలవగట్టు వెంబడి పుల్లాపుడకా ఏరుకునేది, తుఫాను గాలి వీచిన మర్నాడు ఎవరూ చూడకముందే రోడ్డు మీద పడ్డ మట్టలు లాక్కొచ్చుకునేది. ఆమె సిలిండరుకి కూడా తొడుగుంది, ఊదారంగుది.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. అమ్మ అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. కాసేపు నా మొహంకేసి చూసి, "చదువుకున్నదానివి, పద్ధతిగానే చెప్పుంటావులే," అంది. లేచి పాకలోకి వెళ్ళింది. మట్టలు నరికే కత్తి, మోపు కట్టే తాడు, నెత్తిన పెట్టుకునే చుట్టకుదురు బయటికి తెచ్చింది. కత్తిని కొంగుతో తుడిచింది. మూడూ పట్టుకుని, మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంటూ, తనే వీధి దాటి వెళ్ళి పిన్ని చేతికిచ్చి వచ్చింది. ఏ చెట్టు కింద జాగ్రత్తగా నడవాలో కూడా చెప్పిందట. పిన్ని ఆ రోజు ఏడ్చింది, ఆనందంతో.

ఆ తర్వాత అమ్మ గుమ్మం దాటడం తగ్గించేసింది. తోటకెళ్తే దారిలో పదిమంది పలకరించేవాళ్ళు. ఇప్పుడెవరు పలకరిస్తారు? పొద్దున్నే లేచి, చేతులు ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చునేది. పాక పీకించేస్తానంటే వద్దనలేదు. పీకించేశాను. నా చీరలకి వాసన పోయింది. అమ్మ ఆయాసం మాత్రం పోలేదు. శీతాకాలం వచ్చేసరికి ఇంటికి ఆక్సిజన్ మిషను తెచ్చుకోవలసి వచ్చింది. మంచం పక్కన చిన్న పెట్టె, దాన్నుంచి ముక్కుకి గొట్టం. కరెంటుతో నడుస్తుంది. రోజంతా గురగురమంటూనే ఉంటుంది. ఒకప్పుడు వీధికంతా ఒక్క బల్బున్న ఇంట్లో ఇప్పుడు అమ్మ ఊపిరి కూడా ఆ తీగలోంచే రావాలి.

మొన్న ఆదివారం పొద్దున్న పెద్ద గాలి. ఎక్కడో పెళపెళమని చప్పుడైంది, కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద మిషను గంటకి పైగా నడిచి కూత పెట్టి ఆగిపోయింది. లైన్‌మన్‌కి ఫోను మీద ఫోను చేశాను. "కాలవ అవతల తీగల మీద మట్ట పడిందండి, లాగుతున్నామండి," అన్నాడు. అమ్మని దిండ్లు ఆనించి కూర్చోబెట్టి విసనకర్రతో విసిరాను. విసిరితే వచ్చే గాలి వేరు, ఆమెకి కావలసిన గాలి వేరు. తెలుసు. ఊరికే కూర్చోలేక విసిరాను. పెదాలు నల్లబడుతున్నాయి.

అంతలో పిన్ని వచ్చింది. ఒక చేతిలో గిన్నె, అల్లం వేసి కాచిన వేణ్ణీళ్ళు. ఇంకో చేత్తో పచ్చిమట్ట ఒకటి ఈడ్చుకొస్తోంది. గుమ్మం బయట దాన్ని పడేసి లోపలికి వచ్చింది.

"తీగ మీద పడింది ఇదేనమ్మాయ్. లైన్‌మన్ బాబు లాగి పక్కన పడేసేడు. మన తోటదే, తెచ్చేసుకున్నా," అంది. అక్కా కాస్త తాగు అని గిన్నె అమ్మ నోటికి అందించింది. అమ్మ రెండు గుక్కలు తాగింది. పిన్ని మా ఇద్దరినీ కాసేపు చూసి, పొయ్యి మీద కూరుందని గబగబా వెళ్ళిపోయింది. వీధి దాటుతూ దగ్గింది. పొడిగా, వరసగా మూడుసార్లు, ఆ తర్వాత గొంతు సవరించుకోవడం.

అమ్మ కళ్ళు తెరిచింది. నేను విసనకర్ర ఆపేశాను.

"విన్నావా?" అంది.

తలూపాను.

"వెళ్ళి చెప్పు దానికి. పొయ్యి మానెయ్యమని చెప్పు." ఒక్కో మాటకీ ఆగుతోంది. "నాకు చెప్పడానికి నువ్వున్నావు. దానికెవరున్నారే?"

"కరెంటు వచ్చాక వెళ్తాను."

"ఇప్పుడెళ్ళు."

వెళ్ళాను. పిన్ని పొయ్యి ముందు కూర్చుని ఉంది, తల ఓ పక్కకి తిప్పి, ఒక కన్ను మూసి. డాక్టరుగారు అమ్మకి చెప్పిందంతా చెప్పాను. అమ్మ పెదాల రంగు చూశావు కదా అన్నాను. నేనే అమలాపురం తీసుకెళ్తానన్నాను. పిన్ని అంతా విని, చేతులు కొంగుకి తుడుచుకుంది.

"ఇన్నేళ్ళకి నాకొచ్చిందే తల్లీ. నువ్వే కదా ఇప్పించేవు. నాలుగేళ్ళు ఏరుకోనీ," అంది. నా మొహం చూసి మళ్ళీ తనే, "సరేలే, నువ్వు బెంగెట్టుకోకు," అంది.

తిరిగి వచ్చేసరికి అమ్మ తలుపు వైపే చూస్తోంది.

"ఏమంది?"

"సరేనంది," అన్నాను.

అమ్మ కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "నేనూ సరేననే అనేదాన్ని కదే నీతో," అంది.

పది నిమిషాలకి కరెంటు వచ్చింది. మిషను గురగురమంది. గొట్టం అమ్మ ముక్కుకి సరిచేసి, ఎదురింటి వైపు ఉన్న కిటికీ మూసేశాను.